మబ్బు లేని రోజున వచ్చిన అలలు

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది నలభై ఏడో ఏట. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆకాశాన్ని చూడడమే నా ఉద్యోగం. కంబదూరులో వర్షమాపకం దగ్గర పరిశీలకుణ్ణి. పొద్దున ఎనిమిదిన్నరకు కంచె గేటు తీయడం, లోపల నీళ్ళున్నాయా అని చూడడం, లేవని రాయడం. ఏడాదిలో ఎక్కువ రోజులు నేను రాసింది సున్నానే. సున్నాలు గుండ్రంగా రాస్తానని మా ఆఫీసులో నాకు మంచి పేరుండేది.

తర్వాత మా కంచెలోకి ఒక యంత్రం వచ్చింది. దానికి సెలవు అక్కర్లేదు, టీ అక్కర్లేదు. అదే కొలిచి, అదే పైకి పంపేది. నన్ను ఇంటికి పంపారు. కళ్యాణదుర్గంలో ఒక ఎరువుల కొట్టులో మూటలు దింపిస్తూ ఆరు నెలలు గడిపాక పేపర్లో ఒక ప్రకటన చూశాను. ఎండాకాలంలో యాత్రికులను దీవులకు తిప్పే ఓడకు వాతావరణ పరిశీలకుడు కావాలట. ఓడ నాకు తెలియదు, దీవి తెలియదు. వాతావరణం తెలుసు గదా అని దరఖాస్తు పెట్టాను. పెట్టింది నేనొక్కణ్ణేనని చేరాక తెలిసింది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చి, మా పని కూడా యంత్రాలే చేస్తాయట, ఎట్లా అని దిగులుపడుతుంటారు. ఉపదేశాలు నా దగ్గర లేవు, ఉంటే ముందు నేనే వాడుకునేవాణ్ణి. జరిగిన సంగతి ఒకటుంది, అది చెప్తాను.

ఆ ఓడకు నిజానికి పరిశీలకుడితో పనిలేదు. వాతావరణ సందేశాలు ఓడ నడిపే గదిలోకే వచ్చేవి. కెప్టెను కాకినాడ వైపు మనిషి, సముద్రం మీదే జుట్టు నెరిసినవాడు. కానీ తెల్ల యూనిఫాం తొడుక్కున్న మనిషి ఒకడు పొద్దున్నే మైకులో ఎండ ఇంత, గాలి ఇంత, అలలు ఇంత అని చెబితే యాత్రికులకు ముచ్చటగా ఉంటుందని యజమానికి తోచింది. అంటే నేను ఉత్సవ విగ్రహాన్ని. పట్టరాని సంతోషంతో ఆ యూనిఫాం ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. అయితే ఆ సముద్రపు ఉక్కలో ఇస్త్రీ అరగంట కూడా నిలిచేది కాదు. మా ఊళ్ళో నలభై రెండు డిగ్రీల ఎండలో సైకిలు తొక్కినవాణ్ణి, అక్కడ ముప్పై మూడుకే నీరుగారిపోయాను. ఉతికిన బనియను మూడు రోజులకు కూడా ఆరేది కాదు.

చేరిన ఐదో రోజున నా కొంప నేనే ముంచుకున్నాను. పొద్దున్నే పడమటి దిక్కున నల్లటి మబ్బు లేచింది. అంత మబ్బును నేను జన్మలో చూడలేదు. కంబదూరులో దానిలో సగం లేచినా పరుగెత్తుకుంటూ పోయి టీ అంగడి దగ్గర చెప్పేవాణ్ణి. జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చేవాళ్ళు. మా వైపు మొదటి చినుకులు పడేటప్పుడు లోపలికి పోయేవాడు ఉండడు. మైకు పట్టుకుని గొంతెత్తి చెప్పాను.

"అందరికీ శుభవార్త! పడమట మంచి మోడం లేచింది. దేవుడి దయవల్ల మధ్యాహ్నానికి దండిగా వాన పడబోతోంది. భారీ వర్షం!"

మా వాళ్ళకు మోడమంటే మబ్బు. తక్కినదంతా అందరికీ అర్థమైంది. డెక్కు మీద ఒంటికి నూనె రాసుకుని పడుకున్నవాళ్ళు లేచి పరుగందుకున్నారు. ఎవరిదో పెళ్ళిరోజు విందుకు పరిచిన బల్లల మీది గుడ్డలు లాగేశారు. ఒకావిడ "ఈయనకు మనమీద ఏం కక్ష?" అని ఏడ్చినంత పని చేసింది. నా మాట నిజమై వాన కుండపోతగా కురిసింది. డెక్కు మీద నేనొక్కణ్ణే చేతులు చాచి తడుస్తూ నిలబడి ఉంటే, యాత్రికుల కార్యక్రమాలు చూసే మేనేజరమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. విజయవాడ ఆమె, ఉన్నమాట మొహానే అనేసే రకం.

"శుభవార్త ఏమిటండీ? ఎవరికి శుభం?"

"వాన గదమ్మా!"

"వీళ్ళంతా ఎండ కోసం వచ్చారండీ, బాబూ!"

ఎండ కోసం ప్రయాణం కట్టే మనుషులు భూమ్మీద ఉన్నారని నాకు అంతవరకు తెలియదు. "ఎండయితే మా ఊరికి రమ్మనండి, ఊరికే ఇస్తాం" అన్నాను. ఆ మాటకు ఆమె నవ్వలేదు. సాయంత్రానికి మైకు నా చేతిలోంచి పోయింది. భోజనాల గది బయట ఒక నల్లబల్ల పెట్టి, సుద్దముక్క ఇచ్చి, ఏం రాసుకుంటారో దానిమీద రాసుకోండి అన్నారు. వడ్డించే గంట కొట్టాక నల్లబల్ల చదివేవాడు ఎవడుంటాడు? నేను రాసేవాణ్ణి, మర్నాడు తుడిచేవాణ్ణి.

మే నెలాఖరుకు చివరి యాత్ర వచ్చింది. ఆ తర్వాత నల్లబల్ల ఉన్న చోట వాతావరణం తనే చూపించే కంప్యూటరు తెర పెడతామని, నా అవసరం ఉండదని ముందే చెప్పేశారు. ఒకే మనిషి ఉద్యోగం రెండుసార్లు యంత్రానికి పోవడం మా మండలంలో నాతోనే మొదలై ఉంటుంది. ఇంట్లో ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక ఫోను చేయడం కూడా తగ్గించాను.

ఆ యాత్రలోనే మన కళ్యాణదుర్గం చుట్టుపక్కల రైతులు ముప్పైమంది ఎక్కారు. ఒక విత్తనాల కంపెనీ వాళ్ళు పెళ్ళాం బిడ్డలతో సహా పంపించారు. వాళ్ళకు పెద్ద దిక్కు డెబ్బై ఏళ్ళ ముసలాయన, భుజాన ఎర్ర తువ్వాలు. నా నల్లబల్ల ముందు నిలబడి కూడబలుక్కుని చదివిన మొదటి మనిషి ఆయనే. 'మోడం లేదు' అని రాసి ఉంది.

"ఏమప్పా, మన మాట ఉన్నట్లుండాది! యా ఊరు నీది?"

"కంబదూరు."

"అట్లనా! ఇంద, చెనిక్కాయలు తిను. ఇంటికాడ కరకరమంటాండె, ఈడ ఒక్క రాత్రికే చెప్పుతోలైపాయ. ఏం గాలప్పా ఇది!"

రెండో రోజంతా ఆయన నా వెనకే తిరిగాడు. ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది. గాలి లేదు. సముద్రం గోరువెచ్చగా, కదలకుండా పడి ఉంది. ఎండ కోరి వచ్చినవాళ్ళకు అంతకన్నా మంచి రోజు ఉండదు. మూడో రోజు పొద్దున ఒక చిన్న దీవి ఎదుట ఓడ ఆగింది. దీవి చుట్టూ నీళ్ళలో పగడపు దిబ్బ, దాని మధ్య ఒక సందు, లోపల రేవు కట్ట. ఓడ అంత దగ్గరికి పోలేదు కాబట్టి జనాన్ని చిన్న పడవల్లో ఆ సందు గుండా కట్టకు చేరవేయాలి. యాత్ర మొత్తానికి అసలు ఆకర్షణ ఆ దీవి. భోజనాల పందిరి వేయడానికి మా పనివాళ్ళు కొందరు అప్పటికే దీవికి పోయారు. జనానికి ఏడు గంటలకు మొదటి పడవ.

ఆరుంబావుకు నేను డెక్కు మీద ఈత కొలను పక్కన ఉన్నాను. కొలనులో ఎవరూ దిగలేదు, అయినా నీళ్ళు ఒక గట్టు వైపు మెల్లగా లేచాయి. మెల్లగా దిగి, అంతే నిదానంగా రెండో గట్టు వైపు పోయాయి. తలెత్తి చూశాను. జెండా కొయ్యకు అతుక్కుని ఉంది. బయట సముద్రం అద్దంలా ఉంది.

అంతకు నెలరోజుల ముందు, తీరిక వేళ, కెప్టెను నాకొక మాట చెప్పాడు. అల ఎత్తు చూసి మోసపోవద్దు, ఒక అలకూ మరో అలకూ మధ్య ఎంతసేపు పడుతుందో చూడాలి అని. దగ్గరి గాలి పుట్టించే అలలు ఐదారు సెకండ్లకు ఒకటి వస్తాయి. ఎక్కడో వేల మైళ్ళ అవతల తుఫాను కొడితే అక్కడ పుట్టిన అలలు రోజుల తరబడి నడిచి వస్తాయి. అవి తీరిగ్గా వస్తాయి. లోతులో ఉన్నంతసేపు కనపడవు, లోతు తగ్గిన చోట లేచి నిలబడతాయి.

వాచీ చూసి లెక్కపెట్టాను. పదహారు సెకండ్లు. పదిహేడు. పదహారు. అలవాటు ప్రకారం మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ కాగితం మీద రాసుకుని, ఓడ నడిపే గదికి పరుగెత్తాను. అక్కడ కెప్టెనుతో మేనేజరమ్మ కూడా ఉంది, పడవల పట్టిక చేతిలో పట్టుకుని.

"సార్, దూరపు అలలు వచ్చేసినాయి. పడవలు దించొద్దు."

కెప్టెను తెర వైపు చూశాడు. "దక్షిణాన తుఫాను ఉంది, నాకూ తెలుసు. అలలు ఇక్కడికి రేపు రాత్రికి వస్తాయని సందేశం వచ్చింది. ఎత్తు ఎంత ఉంది ఇప్పుడు?"

"రెండడుగులు కూడా లేదు సార్."

"రెండడుగుల అలకి నాలుగు వందల మందిని ఆపమంటారా?"

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?" అంది మేనేజరమ్మ. "వాళ్ళు టికెట్లు కొన్నదే ఈ దీవి కోసం. అప్పుడు వానొస్తుందని హడలగొట్టారు, ఇప్పుడు మబ్బు కూడా లేకుండా హడలగొడుతున్నారు. తప్పయితే ఎవరు సమాధానం చెప్తారు?"

"తప్పయితే నన్ను తర్వాతి రేవులో దించేయండమ్మా."

"ఎలాగూ దిగిపోయేవారే కదా" అన్నాడు కెప్టెను. ఆయన ఎగతాళికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. అందుకే నాకు కోపం వచ్చింది.

"ఇరవై రెండేళ్ళు రాసినాను సార్. చాలావరకు సున్నాలే, నిజమే. ఒక్క సున్నా కూడా తప్పు రాయలేదు. ఇదిగో, మూడుసార్లు కొలిచినాను. నమ్మకపోతే మీరే కొలవండి."

ఆయన కొలిచాడు. కిటికీలోంచి దూరంగా నీటి మీద తేలుతున్న కొబ్బరి మట్టను చూస్తూ, అది లేచి దిగడం పదిసార్లు లెక్కపెట్టాడు. తర్వాత కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు.

"తొమ్మిది దాకా పడవలు ఆపుతాను. దీవిలో మనవాళ్ళని కట్ట మీంచి కొబ్బరి చెట్లలోకి వెళ్ళిపొమ్మని చెప్తాను. తొమ్మిదికి ఏమీ రాకపోతే దించేస్తాను. వెళ్ళి జనానికి మీరే చెప్పండి."

"నేనా సార్?"

"ఆపింది మీరే కదా!"

డెక్కు మీద నాలుగు వందల మంది టోపీలు పెట్టుకుని, తువ్వాళ్ళు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. మేనేజరమ్మ మైకు ఇవ్వలేదు. ఒక కుర్చీ ఎక్కి అరిచి చెప్పాను. అరిచిన కొద్దీ తిరిగి అరుపులు వచ్చాయి. మబ్బేది, గాలేది, నువ్వెవరు? మన ముసలాయన జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"ఏమప్పా, మోడం లేదు, గాలి లేదు. పిల్లోళ్ళు తెల్లారకముందే లేచి కూచున్నారు. యాడుండాది నీ తుఫాను?"

ఆయనకు తుఫాను గురించి, సెకండ్ల గురించి చెప్పి లాభం లేదనిపించింది. కుర్చీ దిగాను.

"పెద్దాయనా, హగరి ఏరు చూసినావా?"

"చూసేదేంది, మా అక్కను ఇచ్చింది ఆ గట్టు మీద ఊరికే."

"ఎండాకాలం ఎట్లుంటాది?"

"ఇసక. చెలిమ తవ్వితే గాని చెంబుడు నీళ్ళు దొరకవు."

"వాన లేకుండా ఏరు వచ్చింది ఎప్పుడన్నా చూసినావా?"

ముసలాయన మొహం మారింది. చుట్టూ ఉన్న మా వైపు వాళ్ళు కూడా మాటలు ఆపేశారు.

"చూసినా" అన్నాడు. "మా బావ బండి ఇసకలో పోతాండె. నేను వెనక కూచోనుండా. ఎండ కాల్తాంది, పైన ఒక్క మోడం లేదు. నడాన ఎద్దులు నిలబడిపాయ. కొట్టినా కదల్లేదు. ఏందిరా ఇదని దిగి చూస్తాంటే వచ్చెనప్పా నీళ్ళు, మనిషెత్తు! పైన యాడనో కన్నడ దేశంలో కురిసినాదంట వాన. మేమిద్దరం ఎట్లనో గట్టెక్కితిమి. ఎద్దులు పాయ."

"ఇదీ అంతే. కురిసింది ఈడ కాదు. వస్తాండాది."

ఆయన నా మొహంలోకి ఒక నిమిషం చూశాడు. తువ్వాలు తీసి డెక్కు మీద పరిచి దానిమీద చతికిలపడ్డాడు.

"నేను దిగను. మనోళ్ళు ఎవురూ దిగరు. కూచోండప్పా అందరూ!"

ముప్పైమందీ కూర్చున్నారు. మెత్తబడిన చెనిక్కాయల సంచి విప్పారు. వాళ్ళను చూసి పక్కవాళ్ళు కూర్చున్నారు. తక్కినవాళ్ళు గొణుక్కుంటూ కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. నా మాట మీద పడవలు ఆపిన కెప్టెను, నా మాట విన్న ముసలాయన ఒకవైపు, గొణుక్కునే జనం ఒకవైపు. మొత్తానికి అందరం తొమ్మిది కోసం ఎదురుచూశాం.

ఎనిమిదయింది. ఏమీ లేదు. ఎనిమిదిన్నరకు కంబదూరులో గేటు తీసే వేళయిందని గుర్తొచ్చింది. అక్కడ పడిన వానను కొలిచి రాసేవాణ్ణి, అది పడిపోయాక నన్ను తప్పు పట్టేవాడు లేడు. ఇంకా రానిదాన్ని వస్తుందని చెప్పి నిలబడడం నాకు అదే మొదలు.   ఎనిమిదీ నలభైకి మేనేజరమ్మ వాచీ చూసుకుని పడవల వాళ్ళకు సైగ చేసింది, సిద్ధంగా ఉండమని. 

అప్పుడు కొలనులో నీళ్ళు గట్టు దాటి పొర్లి ఆమె చెప్పులు తడిపాయి. ఆమె కిందికి చూసింది. నేను దీవి వైపు చూశాను. పగడపు దిబ్బ పొడవునా తెల్లటి గీత ఒకటి లేచింది. ఒక క్షణం తర్వాత చప్పుడు వినిపించింది. ఆ వెనక అల ఇంకా పెద్దది. పడవలు పోవలసిన సందులో అది నిలువునా లేచి విరిగింది. మూడోది రేవు కట్టను పూర్తిగా ముంచేసి, మా భోజనాలకని వేసిన పందిరిని, కుర్చీలను ఊడ్చుకుపోయింది. పందిరి గుంజలు అగ్గిపుల్లల్లా తేలాయి. కొబ్బరి చెట్ల కింద నుంచి దీవిలోని మావాళ్ళు కేకలు పెడుతూ చేతులు ఊపుతున్నారు. అందరూ క్షేమం. ఇంత జరుగుతున్నా మా నెత్తిన ఒక్క మబ్బు తునక లేదు.

"వచ్చెనప్పా ఏరు!" అని ముసలాయన లేచి కేక పెట్టాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను గెంతాను. యాభైకి దగ్గర పడిన మనిషిని, యూనిఫాంలో ఉండి చిన్నపిల్లాడిలా గెంతాను. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. పొద్దున నన్ను తిట్టిన గొంతులే అవి, నాకు బాగా గుర్తు. ఒక్కరి మీద కూడా కోపం రాలేదు. ఆ సంతోషం ముందు కోపానికి చోటేది?

మేనేజరమ్మ అట్లాగే తడిచెప్పులతో నిలబడి ఉంది. "మొదటి పడవలో నా పేరుందండీ" అంది మెల్లగా. "నలభై మంది పిల్లలు, తల్లులు, నేను." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. కెప్టెను మాత్రం పైకి పిలిచి, ఓడ దినచర్య పుస్తకంలో ఆ పూట సంగతి నా చేతనే రాయించాడు. తెర పెడితే పెట్టుకోండి, ఈ మనిషి లేకుండా మాత్రం వచ్చే ఎండాకాలం నేను ఓడ తీయనని కంపెనీకి చెప్పాడట. తెర పెట్టారు. దాని పక్కనే నాకొక కుర్చీ కూడా వేశారు. ఇంకో ఏడు ఎండాకాలాలు పనిచేసి అదే కుర్చీలోంచి రిటైరయ్యాను.

పిల్లలూ, ఇక్కడితో ఆపితే మీరు నన్ను మెచ్చుకుని లేస్తారు. కానీ నా ఉద్యోగం మొత్తంలో గట్టి రోజు అది కాదు. దాని తర్వాత వచ్చిన మూడో రోజు.

ఓడ వేరే రేవులు తిరిగి, వెనక్కి వస్తూ మళ్ళీ అదే దీవి ఎదుట ఆగింది. ఆకాశం అట్లాగే ఉంది, సముద్రమూ అట్లాగే ఉంది. ఈసారి ఎవరూ పడవల వైపు చూడలేదు, అందరూ నా వైపు చూశారు. అప్పుడు నాకు తెలిసొచ్చింది, వద్దు అనడం ఎంత సులువో. వద్దంటే ఇక నన్ను తప్పుపట్టేవాడు లేడు. రాని అలకు రుజువు అడిగేదెవరు? వద్దు వద్దు అంటూనే గొప్ప పేరుతో బతికేయొచ్చు. దిగండి అంటే మాత్రం నాలుగు వందల ప్రాణాలు నా మాట మీద పడవలెక్కుతాయి.

నావికులు ఇద్దరిని తీసుకుని ఖాళీ పడవలో వెళ్ళాను. అలలు ఊడ్చిన కట్ట మీద కూర్చుని గంటసేపు కొలిచాను. ఏడు సెకండ్లు, ఎనిమిది, ఏడు. ఆ పూట గాలికి పుట్టిన చిన్న అలలు. వెనక పెద్దవాటి జాడ లేదు. ఇంకో అరగంట కొలిచాను. తిరిగి వచ్చేసరికి కెప్టెను మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏమంటారండీ? దించమంటారా?"

కొలతలు రాసుకున్న కాగితం ఆయన చేతికిచ్చాను. "దించండి సార్" అన్నాను.

మొదటి పడవలో మన ముసలాయన, మేనేజరమ్మ, పిల్లలు. నేను వాళ్ళకన్నా ముందు కట్ట మీద దిగి ఒక్కొక్కరికి చేయందించాను. ముసలాయన పంచె ఎగగట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, దోసిలి పట్టి ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"థూ! ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క మడి తడపనీకి లేకపాయ గదప్పా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వే తీరిక లేదు. ఒక చేత్తో వాచీ పట్టుకుని, కళ్ళు దిబ్బ మీద పెట్టి, సాయంత్రం దాకా ఆ కట్ట మీదే నిలబడ్డాను. ఆ రోజు నాలుగు వందల పన్నెండు మంది దిగారు. పొద్దు గుంకక ముందే నాలుగు వందల పన్నెండు మందీ ఓడ ఎక్కారు. ఒక్కొక్క తలా లెక్కపెట్టి ఎక్కించింది నేనే.